రెండు సీసీల లెక్క

గర్భాశయ ముఖద్వారానికి ముందు మూత్రాశయం ఉంటుంది, వెనక మలాశయం. పైన చిన్నపేగు, పెద్దపేగు చివరి వంపు, కింద యోని. ఇంత ఇరుకులో పుట్టిన క్యాన్సర్ గడ్డను చంపడానికి కావలసిన రేడియేషన్, చుట్టూ ఉన్న అవయవాలు ఓర్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ. గడ్డకూ మలాశయం గోడకూ మధ్య ఎడం చాలామందిలో మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఈ వైద్యంలోని కష్టమంతా ఆ కొద్ది మిల్లీమీటర్లలోనే ఉంది. పనితనం బయటపడేదీ అక్కడే.

వైద్యం ఫలించి క్యాన్సర్ పోయిన స్త్రీకి ఆర్నెల్లకో రెండేళ్లకో మలంలో నెత్తురు పడవచ్చు. మూత్రం ఆగకపోవచ్చు. యోని ఇరుకై బిగుసుకుపోవచ్చు. అరుదుగా మూత్రాశయం నుంచో మలాశయం నుంచో యోనిలోకి రంధ్రం పడుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. అది వచ్చిన మనిషి నలుగురిలోకి రావడానికే వెనకాడుతుంది. ఒకే ఆసుపత్రిలో ఒకే వైద్యం చేయించుకున్న ఇద్దరిలో ఒకరు హాయిగా తిరుగుతుంటే మరొకరికి ఈ అవస్థ ఎందుకు? చాలాకాలం పాటు డాక్టర్ల దగ్గరున్న జవాబు ‘కొందరికి వస్తుంది’ అన్నదే. ఆ కొందరు ఎవరో స్కాన్ చూసి ముందే పసిగట్టడానికి వియన్నా, ఆర్హుస్, పారిస్, ముంబై నగరాల డాక్టర్లూ మెడికల్ ఫిజిసిస్టులూ పాతికేళ్లుగా చేస్తున్న పనిని ఇక్కడ పరిచయం చేస్తున్నాను.

ఈ పని ఎందరికి అవసరమో మొదట చెప్పుకోవాలి. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా 6.6 లక్షల మంది స్త్రీలకు కొత్తగా ఈ క్యాన్సర్ వస్తోంది. అందులో సుమారు 1.27 లక్షల మంది మన దేశంలోనే ఉన్నారు. గడ్డ ముదిరాక వచ్చినవాళ్లకు ఆపరేషన్ కుదరదు. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే రేడియేషనే వాళ్లకు దిక్కు. ముందు ఐదు వారాల పాటు బయటి యంత్రంతో పొత్తికడుపు మొత్తానికి 45 గ్రే ఇస్తారు. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఆ తర్వాతే అసలు ఘట్టం వస్తుంది. గర్భాశయంలోకి సన్నని గొట్టాన్ని పంపి, అందులో రేడియో ధార్మిక మూలాన్ని నడిపించి, గడ్డను లోపలి నుంచే కాలుస్తారు. దీన్ని బ్రాకీథెరపీ అంటారు. మేలు ఎక్కువగా జరిగేదీ, తప్పితే కీడు జరిగేదీ ఈ ఘట్టంలోనే.

ఫిల్ము మీద చుక్కలు

ముందుగా పసిగట్టాలన్న తపన కొత్తదేమీ కాదు. 1938లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టాడ్, మెరెడిత్ అనే ఇద్దరు ఒక చుక్కను నిర్ణయించారు. గర్భాశయ నాళం నుంచి పక్కకు 2 సెంటీమీటర్లు, యోని పైభాగం నుంచి పైకి 2 సెంటీమీటర్లు. ఆ చుక్కకు ‘పాయింట్ ఏ’ అని పేరు పెట్టారు. తర్వాతి తరాలు దాన్ని గడ్డకు మోతాదు రాసే చోటుగానే వాడుకున్నాయి. దాన్ని పెట్టినవాళ్ల ఆలోచన వేరు. గర్భాశయ రక్తనాళం మూత్రనాళాన్ని దాటే ఆ మూల తట్టుకోగలిగినంతే ఇవ్వగలమని, అక్కడ హద్దు మీరితే కణజాలం కుళ్లుతుందని వాళ్లు భావించారు. దుష్ఫలితాన్ని ముందే ఊహించడం కోసం పుట్టిన చుక్క అది.

మూత్రాశయానికీ మలాశయానికీ చుక్కలు 1985లో అంతర్జాతీయ రేడియేషన్ కొలతల సంఘం 38వ నివేదికతో స్థిరపడ్డాయి. మూత్రాశయంలోకి పెట్టిన గొట్టం చివరి బుడగను ఎక్స్‌రేలో కనబడే ద్రవం 7 సీసీలతో నింపేవారు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ బుడగ వెనక అంచు మీద ఒక చుక్క పెట్టేవారు. యోని వెనక గోడ నుంచి 5 మిల్లీమీటర్ల అవతల మలాశయానికి మరో చుక్క. ఎక్స్‌రేలో మెత్తటి అవయవాలు కనబడవు కాబట్టి, కనబడే వస్తువులను ఆసరా చేసుకుని కనబడని గోడ ఎక్కడుందో లెక్కగట్టారు. చేతిలో ఉన్న సాధనంతో అంత పకడ్బందీగా పని చేసినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా, మోతాదు అత్యధికంగా పడిన చోటు ఆ చుక్క దగ్గరే ఉంటుందన్న హామీ లేదు. మూత్రాశయం విషయంలో మోతాదు అత్యధికంగా పడే అసలు చోటు చుక్కకు బాగా పైన ఉండడం మామూలు.

గొట్టం లోపలుండగానే ఎంఆర్ఐ

వియన్నా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో రిచర్డ్ పోటర్ బృందం 1990ల చివర్లో పద్ధతినే మార్చింది. అప్లికేటర్‌ను, అంటే గర్భాశయంలోకి వెళ్లే గొట్టాన్నీ ముఖద్వారానికి ఆనుకునే ఉంగరాన్నీ అమర్చి, అవి లోపలుండగానే ఎంఆర్ఐ తీయడం మొదలుపెట్టారు. అయస్కాంతానికి పనికిరాని స్టీలును వదిలేసి, ప్లాస్టిక్‌తో, టైటానియంతో చేసిన పరికరాలు వచ్చాయి. గడ్డ పక్కకు పాకిన వాళ్లలో ఉంగరానికి ఉన్న రంధ్రాల గుండా సన్నని సూదులు కూడా దించారు. ఎంఆర్ఐలో మూడు విషయాలు ఒకే చిత్రంలో కనబడతాయి. మిగిలిన గడ్డ, చుట్టూ ఉన్న అవయవాల గోడలు, మూలం నడవబోయే దారి. చికిత్సకు ముందు పాత స్కాన్ చూసి ఊహించడానికీ, ఈ చిత్రం చూసి కొలవడానికీ చాలా తేడా ఉంది.

చిత్రం వచ్చాక చేతిపని మొదలవుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మందంతో వచ్చే ఒక్కొక్క పొర మీదా డాక్టరు గీతలు గీస్తారు. గడ్డకు ఒక రంగు, మూత్రాశయానికి ఒకటి, మలాశయానికి ఒకటి, పెద్దపేగు వంపుకు ఇంకొకటి. ఐదు వారాల రేడియేషన్‌తో గడ్డ కరిగిన చోట ఎంఆర్ఐలో బూడిదరంగు మచ్చలు కనబడతాయి. అక్కడ క్యాన్సర్ కణాలు మిగిలి ఉండవచ్చు కనుక వాటినీ గీత లోపలికే తీసుకోవాలి. గీత ఒక పొరలో కాస్త అటూ ఇటూ అయితే చివర వచ్చే అంకె మారిపోతుంది. అందుకే యూరప్ బ్రాకీథెరపీ నిపుణుల బృందం 2005లో గడ్డను ఎలా గీయాలో, 2006లో మోతాదులను ఎలా కొలిచి రాయాలో నియమాలు ప్రకటించింది. వాటిని చదివితే గీత గీయడానికి కూడా ఇంత శాస్త్రం ఉందా అనిపిస్తుంది.

ఎందుకు రెండు సీసీలే

2006 నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒక ఎంపిక. అవయవం మొత్తానికి సగటు మోతాదు తీస్తే ప్రయోజనం లేదు. మూత్రాశయంలో మూలానికి దూరంగా ఉన్న గోడకు పడేది తక్కువ. దాన్ని దగ్గరి గోడతో కలిపి సగటు కడితే ప్రమాదం అంకెల్లో కనబడకుండా పోతుంది. ఒకే చుక్క తీసుకున్నా చిక్కే. చుక్కంత చోటు పాడైతే శరీరం సర్దుకోవచ్చు. ఈ రెంటికీ నడుమ కొలత ఏది? అవయవంలో అత్యధిక మోతాదు పడే 2 సీసీలను విడిగా తీసి, ఆ ముక్కలో కనీసంగా పడే మోతాదును రాయమన్నారు. దాన్నే డీ2సీసీ అంటారు. టీస్పూనులో సగం కూడా నిండని ముక్క అది. అంతకన్నా చిన్న 0.1 సీసీకి కూడా మోతాదు రాయమన్నారు. పుండు, ఫిస్టులా లాంటివి అంత చిన్న చోటే మొదలవుతాయన్న ఆలోచన అందులో ఉంది. రక్తనాళాలు ఉబ్బి నెత్తురు కారే మార్పులకు 2 సీసీలు సరిపోయే కొలత.

ఈ ఎంపికలో మరో నేర్పుంది. మూత్రాశయం, మలాశయం బోలు అవయవాలు. వాటిలోని మూత్రానికీ మలానికీ రేడియేషన్ పడితే నష్టం లేదు, నష్టపోయేది గోడ. అలాగని ప్రతి పొరలోనూ గోడకు లోపలొక గీత, బయటొక గీత గీయాలంటే పని రెండింతలవుతుంది. మూలానికి దగ్గరగా ఉండే మొదటి రెండు సీసీలు దాదాపు గోడలోనివే అవుతాయి కాబట్టి బయటి గీత ఒక్కటి గీసినా అంకె అంతగా మారదని వాళ్లు లెక్కగట్టి చూపించారు. పెద్ద ఘనపరిమాణాలు ఎంచుకుని ఉంటే ఈ వెసులుబాటు దొరికేది కాదు. రోజూ రోగులతో కిటకిటలాడే ఆసుపత్రిలో కూడా అమలు చేయగలిగిన కొలతను ఎంచుకున్నారు. వాళ్ల ముందుచూపు అక్కడే తెలుస్తుంది.

ఒక్క గ్రే తేడా

బయటి నుంచి రోజుకు కొంచెంగా ఇచ్చే రేడియేషన్, లోపలి నుంచి ఒక్కసారే గట్టిగా ఇచ్చే రేడియేషన్ శరీరం మీద ఒకే రకంగా పనిచేయవు. ఒక విడతలో ఎక్కువ ఇస్తే ఆరోగ్యకరమైన కణజాలానికి జరిగే నష్టం మోతాదుకు మించి పెరుగుతుంది. అందుకే రెంటినీ ఒకే కొలతలోకి మార్చి కూడతారు. విడతకు 2 గ్రేల చొప్పున ఇచ్చి ఉంటే ఎంతకు సమానమయ్యేదో చూస్తారు.

మలాశయం లెక్క వేసి చూద్దాం. బయటి నుంచి 25 విడతల్లో పడిన 45 గ్రేలు ఈ కొలతలో 43.2 అవుతాయి. బ్రాకీథెరపీ నాలుగు విడతలు అనుకుందాం. విడతకు ఆ రెండు సీసీల మీద 4 గ్రే పడితే ఒక్కోటి 5.6కు సమానం, నాలుగూ కలిపి 22.4. మొత్తం 65.6. అదే విడతకు 5 గ్రే పడితే ఒక్కోటి 8కి సమానం, నాలుగూ 32. మొత్తం 75.2. విడతకు ఒక్క గ్రే తేడా చివరికి పది గ్రేల తేడాగా తేలింది.

ఈ 65, 75 అంకెల దగ్గరే ఈ పరిశోధన ఫలం కనబడుతుంది. వియన్నా, ఆర్హుస్ బృందాల నాయకత్వంలో 2008లో ‘ఎంబ్రేస్’ అనే అధ్యయనం మొదలైంది. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికాల నుంచి 24 కేంద్రాలు అందులో చేరాయి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాటిలో ఒకటి. అందులోని 960 మంది స్త్రీల మలాశయ సమస్యలనూ వాళ్ల స్కాన్‌లలోని డీ2సీసీ అంకెలనూ పారిస్ దగ్గరి గుస్తావ్ రూసీ సంస్థకు చెందిన రెనో మజెరోన్, సహచరులు జతచేసి 2016లో ప్రచురించారు. 65 గ్రే లోపు ఉన్నవాళ్లలో సమస్యలు తక్కువ, వచ్చినవీ చిన్నవే. 75 దాటినవాళ్లలో మూడేళ్లలో ఫిస్టులా వచ్చే అవకాశం 12.5 శాతం. అంతకన్నా తక్కువ మోతాదు పడినవాళ్లలో 0 నుంచి 2.7 శాతం. ‘కొందరికి వస్తుంది’ అన్న మాట స్థానంలోకి ఒక అంకె వచ్చింది.

ఆ ఒక్క గ్రే శరీరంలో ఎంత దూరంతో సమానం? ఒకే బిందువు నుంచి వెలువడే రేడియేషన్ దూరం పెరిగేకొద్దీ వర్గం చొప్పున తగ్గుతుంది. మూలానికి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గోడ ఇంకో మిల్లీమీటరు జరిగితే దాని మీద పడే మోతాదు సుమారు 12 శాతం తగ్గుతుంది. 5 గ్రేలు 4 కావడానికి 2 మిల్లీమీటర్లు కూడా అక్కరలేదు. నిజానికి మూలం ఒక్క చోట ఉండదు, చాలా చోట్ల ఆగుతూ నడుస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంత నిటారుగా ఉండదు. అయినా వ్యవహారం మిల్లీమీటర్లలోదే. యోనిలో గాజుగుడ్డ గట్టిగా కూరి మలాశయాన్ని వెనక్కి నెట్టడం అనే పాత ఆసుపత్రి పని విలువ ఈ లెక్కతో తెలుస్తుంది. ఆ పని చేసే చెయ్యి ఫిస్టులా రాకుండా కాపాడుతున్న చెయ్యి.

అంకె వచ్చిందే తరువాయి దాన్ని వాడుకునే వీలు కూడా ఈ పద్ధతిలోనే ఉంది. గొట్టంలో తిరిగేది ఇరిడియం-192 అనే చిన్న గింజ. తీగ చివర ఉండి కొన్ని మిల్లీమీటర్లకొకసారి ఆగుతుంది. ఎక్కడ ఎన్ని క్షణాలు ఆగాలో ఫిజిసిస్టు నిర్ణయిస్తారు. మలాశయం లెక్క 75 దగ్గరికి వెళ్తున్నట్టు కంప్యూటర్ తెర మీద తేలితే, ఉంగరం వెనక భాగంలో ఆగే క్షణాలు తగ్గించి గొట్టంలోనో సూదిలోనో పెంచుతారు. గడ్డకు అందాల్సిన మోతాదు తగ్గకుండా చూసుకుంటూ మళ్లీ లెక్క వేస్తారు. అప్పటికి రోగికి ఆ విడతలో ఒక్క గ్రే కూడా ఇవ్వలేదు. జోస్యం చెప్పి ఊరుకోకుండా, అది నిజం కాకుండా చేసుకునే సమయం చేతిలో ఉండగానే అంకె చేతికి రావడం ఈ పని గొప్పతనం.

చూసి రుజువు చేయడం, అడిగి తెలుసుకోవడం

కాగితం మీద అంకెలు సరిపోయినంత మాత్రాన వియన్నా బృందం ఊరుకోలేదు. పేట్రా గేయార్గ్, సహచరులు వైద్యం ముగిసిన 35 మంది స్త్రీల మలాశయాన్ని ఎండోస్కోపీతో చూశారు. మార్పులు ఎక్కువగా మలాశయం ముందు గోడ మీద, అప్లికేటర్ ఉన్న ఎత్తులోనే కనిపించాయి. మార్పులు ఎంత తీవ్రంగా ఉంటే ఆ స్త్రీల డీ2సీసీ అంత ఎక్కువగా ఉంది. స్కాన్‌లో గీసిన గీత దగ్గరికే వెళ్లి, అక్కడ నిజంగా మచ్చ ఉందో లేదో కంటితో చూసుకోవడం గట్టి పనివాళ్ల లక్షణం. కంప్యూటరు లెక్కకూ మనిషి శరీరానికీ మధ్య లంకె అలా బిగిసింది.

ఎండోస్కోపీకి చిక్కనిది యోని విషయం. అక్కడ ఏం బాధ ఉందో రోగిని అడగాలి. అడగడానికి డాక్టర్లకు మొహమాటం, చెప్పడానికి రోగులకు సిగ్గు. ఈ పనిని వియన్నాలో మానసిక శాస్త్రవేత్త కాత్రిన్ కిర్ష్‌హైనర్ ముందుండి నడిపించారు. డాక్టర్ల పరీక్షతో పాటు రోగులే నింపే ప్రశ్నపత్రాలను కూడా ఎంబ్రేస్ అధ్యయనం మొదటి నుంచీ సేకరించింది. 2016లో ప్రచురించిన విశ్లేషణలో 630 మంది స్త్రీల వివరాలున్నాయి. మలాశయం కోసం యోని వెనక గోడ అవతల పెట్టిన పాత చుక్క దగ్గర మోతాదు 65 గ్రే ఉంటే రెండేళ్లలో యోని చెప్పుకోదగ్గంత ఇరుకయ్యే అవకాశం 20 శాతం. 75 అయితే 27, 85 అయితే 34. ఎక్స్‌రే కాలంలో పెట్టిన ఆ చుక్క, ఎంఆర్ఐ కాలంలో వేరే అవయవానికి ఇలా అక్కరకొచ్చింది. కొత్త పరికరం వచ్చిందని పాత కొలతను విసిరేయకుండా, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో ఆలోచించారు.

తర్వాత వచ్చిన ఎంబ్రేస్-2లో ఈ ఫలితాలు లక్ష్యాలుగా మారాయి. మలాశయానికి 65, పెద్దపేగు వంపుకు 70, మూత్రాశయానికి 80 గ్రే లోపు ఉండేలా ప్రయత్నించమన్నారు. గడ్డలో తొంభై శాతానికి మాత్రం 90 పైగా అందాలన్నారు. మొదటి అధ్యయనం పూర్తి ఫలితాలు 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చాయి. 1,341 మందిలో ఐదేళ్లకు గడ్డ ఉన్న చోట క్యాన్సర్ అదుపులో ఉన్నవాళ్లు 92 శాతం. తీవ్రమైన మూత్ర సమస్యలు 6.8 శాతం మందిలో, పేగు సమస్యలు 8.5 శాతంలో, యోని సమస్యలు 5.7 శాతంలో, ఫిస్టులా 3.2 శాతంలో. విజయాన్ని రాసినంత వివరంగా బాధలనూ రాయడం వల్లే ఆ పత్రానికి అంత విలువ వచ్చింది.

పేగు, మజ్జ

కదలకుండా ఉండే అవయవానికి గీత గీయడం ఒక ఎత్తు. చిన్నపేగు కదులుతుంది. ఈ పూట ఉన్న చోట రేపటికి ఉండదు. గర్భాశయం తీసేసిన తర్వాత రేడియేషన్ ఇచ్చేవాళ్లలో ఖాళీ అయిన చోటులోకి పేగు జారుతుంది, రేడియేషన్ దారిలోకి వస్తుంది. టాటా మెమోరియల్‌లో సుప్రియా చోప్రా నాయకత్వంలో జరిగిన ‘పార్సర్’ పరీక్షకు ఈ సమస్యే విషయం. 300 మంది స్త్రీలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు త్రీడీ పద్ధతి. మరో భాగానికి, కిరణాల ఆకారాన్ని మలిచే ఐఎంఆర్‌టీకి యంత్రం మీదే తీసే స్కాన్‌లను జోడించి ఇచ్చారు. మూడేళ్లలో చెప్పుకోదగ్గ పేగు సమస్యలు మామూలు పద్ధతిలో 42.4 శాతం మందికి వస్తే, స్కాన్ చూసుకుంటూ ఇచ్చినవాళ్లలో 21.1 శాతానికి తగ్గాయి. క్యాన్సర్ తిరిగి రావడంలో తేడా లేదు. మన దేశంలో, మన స్త్రీల మీద చేసిన ఈ పరీక్ష ఫలితాన్ని ప్రపంచమంతా చదివింది.

మజ్జ సంగతి ఇంకా సూక్ష్మం. నడుము, తుంటి ఎముకల్లో రక్తకణాలు పుట్టే మజ్జ చాలా ఉంటుంది. దాని మీద రేడియేషన్, పైన సిస్‌ప్లాటిన్ మందు. తెల్లకణాలు పడిపోతే మందు ఆపాలి, జ్వరమొస్తే ఆసుపత్రిలో చేర్చాలి. ఎముక మొత్తాన్నీ తప్పించడం కుదరదు. అందులో పనిచేసే మజ్జ ఎక్కడుందో మామూలు స్కాన్ చెప్పదు. పెట్ స్కాన్‌లో చక్కెరను ఎక్కువగా పీల్చుకునే మజ్జ వెలుగుతుంది. కాలిఫోర్నియాలో లోరెన్ మెల్ బృందం ఆ వెలిగిన భాగాలను మాత్రమే తప్పించేలా ప్రణాళిక వేసింది. 83 మంది ఉన్న అంతర్జాతీయ పరీక్షలో ఇలా చేయించుకున్నవాళ్లలో తెల్లకణాలు తీవ్రంగా పడిపోయినవాళ్లు 8.6 శాతం, మిగిలినవాళ్లలో 27.1 శాతం. ఇక్కడ చిత్రం అవయవం ఆకారంతో పాటు అది చేసే పనిని కూడా చూపించింది.

గోడను విప్పి పరచడం

రెండు సీసీల లెక్కలో ఒక లోటుంది. ఎంత మోతాదు పడిందో చెబుతుంది కానీ, గోడ మీద ఏ ఆకారంలో పరుచుకుని పడిందో చెప్పదు. ఎక్కువ మోతాదు ఒకే చోట గుండ్రంగా పడటం వేరు, మలాశయం చుట్టూ సగం పట్టీలా పరుచుకోవడం వేరు. 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో మలాశయం గోడను పొడుగునా చీల్చి విప్పి పరిచినట్టు కంప్యూటర్‌లో చదును చేసి, దాని మీద మోతాదును రంగుల పటంగా వేశారు. మామూలు ఫోటోలను గుర్తుపట్టడం నేర్చుకున్న కృత్రిమ మేధను తెచ్చి, 42 మంది స్త్రీల పటాలతో మళ్లీ తర్ఫీదు ఇచ్చారు. ఎవరికి సమస్య వచ్చిందో, ఎవరికి రాలేదో అది చాలావరకు సరిగ్గా వేరు చేసింది. పటంలో ఏ భాగాన్ని చూసి ఆ నిర్ణయానికి వచ్చిందో కూడా చూపించేలా చేశారు. 42 మందితో దేన్నీ తేల్చలేం. పరిశోధకులు కూడా దాన్ని సాధ్యాసాధ్యాల పరీక్షగానే చెప్పారు. గోడను విప్పి పరచాలన్న ఊహలోని తెలివి మాత్రం కాదనలేనిది.

పరిమితులు ఇంకా ఉన్నాయి. ఎంఆర్ఐ చూపేది ఒక్క క్షణాన్ని. స్కాన్ గది నుంచి చికిత్స గదికి వచ్చేలోపు మూత్రాశయం నిండవచ్చు, మలాశయంలో గాలి చేరవచ్చు. నాలుగు విడతల్లోనూ ఆ 2 సీసీలు ఒకే చోట పడ్డాయని లెక్కలో అనుకుంటారు, శరీరంలో అలా ఉండకపోవచ్చు. ఇద్దరు డాక్టర్లు గీసిన గీతలు అచ్చంగా ఒకటి కావు. 75 దాటినవాళ్లందరికీ ఫిస్టులా రాదు, 65 లోపు ఉన్నవాళ్లందరికీ హామీ లేదు. ఈ అంకెలు అవకాశాన్నే చెబుతాయి. అయితే ఏ అవకాశాన్ని ఎంత తగ్గించుకోవచ్చో తెలిసినప్పుడు చూస్తూ ఊరుకోవడానికి సాకు ఉండదు.

మన దగ్గర

ఎంఆర్ఐ అందరికీ అందదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా కేంద్రాల్లో అప్లికేటర్ పెట్టాక తీసేది సీటీ స్కానే. సీటీలో గడ్డకూ గర్భాశయం కండకూ తేడా సరిగ్గా తెలియదు, గడ్డ ఉన్నదానికన్నా వెడల్పుగా కనబడుతుంది. మూత్రాశయం, మలాశయం, పేగు వంపు మాత్రం సీటీలో చక్కగా గీయవచ్చు. వాటి డీ2సీసీ ఎంఆర్ఐతో వచ్చినదానికి దగ్గరగానే వస్తుందని పరిశోధనలు చూపాయి. అంటే గడ్డను గుర్తించడానికి ఎంఆర్ఐ మేలే అయినా, దుష్ఫలితాలను పసిగట్టడానికి ఉన్న సీటీ చాలావరకు సరిపోతుంది. సీటీ మీద గీతలు ఎలా గీయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2021లో వచ్చాయి. వాటి రచనకు నాయకత్వం వహించిన ఉమేశ్ మహాంత్‌శెట్టి విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి డైరెక్టర్‌గా పనిచేశారు. ఖరీదైన యంత్రం లేని చోట కూడా ఈ పనితనం ఎలా చేయాలన్న ప్రశ్నకు జవాబు మనకు ఇంత దగ్గరి నుంచి వచ్చింది.

ఈ పాతికేళ్ల పనిని మొత్తంగా చూస్తే గొప్ప యంత్రం వల్ల సాధించినది కొంతే. సరైన కొలతను ఎంచుకోవడం, అందరూ ఒకే విధంగా గీయడం, గీసిన దాన్ని ఎండోస్కోపీతో సరిచూడటం, వైద్యం అయిపోయాక ఏళ్ల తరబడి రోగిని అడుగుతూ ఉండటం వల్ల సాధించినదే ఎక్కువ. ఈ నాలుగింటిలో మొదటి మూడూ డాక్టర్ల చేతిలో ఉన్నాయి. నాలుగోది రోగి చేతిలో కూడా ఉంది.

అందుకే రెండు మాటలు. బ్రాకీథెరపీ చేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితంలో మూత్రాశయం, మలాశయం, పేగు వంపులకు పడిన డీ2సీసీ మోతాదులు రాసివ్వాలి. సీటీ ఉన్న చోట ఆ పనికి అదనపు ఖర్చు లేదు. వైద్యం పూర్తి చేసుకున్న అక్కలూ అమ్మలూ మూడు నెలలకో ఆర్నెల్లకో ఒకసారి పరీక్షకు వెళ్లడం మానకూడదు. మలంలో నెత్తురు పడినా, మూత్రం ఆగకపోయినా, యోని ఇరుకైనట్టు అనిపించినా సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి. వాటికి వైద్యం ఉంది. పైగా 960 మంది స్త్రీలు దాచుకోకుండా చెప్పిన సంగతుల నుంచే 65, 75 అనే అంకెలు పుట్టాయి. మీరు చెప్పే మాట రేపు మరో స్త్రీకి మోతాదు నిర్ణయించేటప్పుడు పనికొస్తుంది.